ఎముకలో ఎర్ర గీత

ఎర్ర వరద వచ్చిన ముప్పయ్యో ఏట, కార్తీకంలో, గువ్వలలంక రేవుకి బొమ్మల లాంచీ వచ్చి కట్టుకుంది.

ఆ లంకలో ఏళ్ళకి అంకెలు వాడరు, వరదలు వాడతారు. ఫలానావాడి పెళ్ళి ఎప్పుడయిందంటే గట్టు తెగిన వరదకి ముందు వేసవిలో అంటారు. ఫలానా పిల్ల ఎప్పుడు పుట్టిందంటే బడి కొట్టుకుపోయిన వరదలో అంటారు. గోదారి ఏటా పొంగుతుంది గాని, పేరు పెట్టించుకునే వరద ఎప్పుడో ఒకటి వస్తుంది. అలాంటి వాటిలో ఎర్ర వరదే పెద్దది. ఎగువన కొండలు తవ్వి పోసిన మట్టికట్ట తెగి ఏట్లో కలిసిందని, అందుకే నీళ్ళు కుంకుమ కలిపినట్టు వచ్చాయని తరవాత చెప్పారు. తాగేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

కాకినాడ ఆసుపత్రి పంపిన ఆ లాంచీలో ఒక బల్ల ఉంది. మనిషి దాని మీద వెల్లకిలా పడుకుంటే కడియంలాంటిదొకటి తలనుంచి కాళ్ళదాకా తుమ్మెదలా రొద చేస్తూ పోతుంది. అంతే. సూది లేదు, నొప్పి లేదు. ఎదురుగా అద్దం మీద ఎముక బొమ్మ లేస్తుంది. ఉల్లిపాయని అడ్డంగా కోస్తే కనిపించినట్టు పొర మీద పొర, పొర మీద పొర.

ఆ బల్లని తయారుచేసిన మనిషి డాక్టర్ ఇందుమతి. ముప్పయ్యేళ్ళు దాటిన పిల్ల. నిద్ర చాలని కళ్ళు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఏటేటా మనిషి తిన్నదీ తాగిందీ ఎముకలో ఒక పొర వేస్తుందని కనిపెట్టింది. జ్వరం పడితే మచ్చ, పస్తుంటే సన్నగీత, కాన్పయితే తెల్లచార. అన్నీ చదవగలదు గాని, ఏ పొర ఏ ఏడాదిదో మొదట్లో ఆవిడకి అందలేదు. మొదటి రోజు బల్లెక్కిన ఒక ముసలమ్మ తన బొమ్మ తానే చూసుకుని, "అదిగో ఆ గీత గట్టు తెగిన వరదమ్మా, అప్పుడు ఇంటిల్లిపాదీ పస్తున్నాం. దీని కిందది బడి వరద" అని వేలు పెట్టి చూపించేసరికి డాక్టరమ్మ నోరు తెరిచి, పెన్సిలు తీసింది. ఆనాటినుంచి లాంచీలోనూ ఏళ్ళు పోయి వరదలొచ్చాయి.

ఎర్ర వరద నీళ్ళు తాగినవాళ్ళ ఎముకలో ఒక ఎర్ర గీత ఉంటుంది. రెండు రోజులు తాగినా చాలు, పడుతుంది. కొందరిలో అది నిద్రపోతుంది. కొందరిలో ఇన్నేళ్ళ తరవాత లేచి ఎముకని తినడం మొదలుపెడుతుంది. దాన్నే లంకవాళ్ళు ఎర్రజబ్బు అంటారు. దానికి డాక్టరమ్మ ఇంజెక్షను తెచ్చింది. ఆ మందు ఒంట్లో పాతుకున్న లోహాన్ని పట్టి బయటికి లాగుతుంది. లోహం దొరక్కపోతే మాత్రం ఊరుకోదు, ఎముకలో సున్నాన్నే లాగేస్తుంది. అందుకని గీత ఉన్నవాళ్ళకే మందు. గీత లేనివాళ్ళకి లేదు.

మందు సంగతి ఎలా ఉన్నా, గీత లంకలో పెద్ద గోలే తెచ్చింది. మాజీ సర్పంచి కాశీ గారు ఎర్ర వరదలో పీకల్లోతు నీళ్ళలో నిలబడి జనాన్ని ఒడ్డుకి చేర్చానని ప్రతి ఎన్నికలకీ చెప్పి గెలిచిన మనిషి. బల్ల మీద పడుకున్నాడు. గీత లేదు. లాంచీ తోలే సలీం పొరపాటున బయటికే అనేశాడు: "సార్, ఆ ఏడు మీరెక్కడున్నారు?" వరసలో నిలబడ్డవాళ్ళంతా విన్నారు. కాశీ గారు ఆ వరదంతా తునిలో అత్తారింట్లో కూచున్నాడని సాయంత్రానికల్లా లంకంతా తెలిసిపోయింది. మర్నాడు బుల్లెమ్మ టీ కొట్టు ముందునుంచి ఆయన పోతుంటే, "కాశీ గారూ, తునిలో నీళ్ళెలా ఉంటాయండీ, తియ్యగా ఉంటాయా?" అని అక్కడ టీ తాగేవాళ్ళు అడిగారు. ఆయ్, అంతే, మళ్ళీ ఆయన ఆ దారిన రాలేదు.

ఈ గోలంతా ఓలేటి ఏడుకొండలు విన్నాడు. ఏమీ అనలేదు. అతను ఎప్పుడూ ఏమీ అనడు. రేవులో పడవ వేసేవాడు. మూడో తరగతితో బడి మానేసి తెడ్డు పట్టినవాడు, ఇప్పటికీ తెడ్డే. అతని పడవెక్కితే అవతలి ఒడ్డుదాకా నీళ్ళ చప్పుడు తప్ప మరోటి వినపడదు. లాంచీ వచ్చాక జనం ఒక్కొక్కరే బల్లెక్కుతున్నారు గాని అతను ఎక్కలేదు. "నాకేటి" అన్నాడు ఒకసారి. అంతటితో సరి.

అతను మాట్లాడాల్సిందంతా భార్య మంగతాయారు మాట్లాడేది.

"ఎర్ర వరదలో ఈయనా నేనూ రేవు గది డాబా మీదే ఉన్నామమ్మా. ఊరంతా గట్టు మీదికి పోయారు, నేను పోలేదు. కడుపుతో ఉన్నాను, ఆపైన గేదె. గేదెనొదిలి ఎలా పోతాను? ఇద్దరం ఒకే ఏటి నీళ్ళు, ఇందుప గింజ అరగదీసి వేసుకుని, మట్టి అడుక్కి తేరుకున్నాక తాగాం. ఈయనకి వారం తిరక్కుండా వాంతులు. నాకు? నాకేం కాలేదు! నా ఒళ్ళు ఇనుమమ్మా."

ముప్పయ్యేళ్ళుగా ఆవిడ ఈ కథ చెబుతోంది. పెళ్ళిళ్ళలో చెప్పింది, పడవలో చెప్పింది, చేపలు బేరమాడుతూ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మొగుడి వాంతులు కాస్త పెరిగేవి. జనం నవ్వేవాళ్ళు. ఏడుకొండలు తెడ్డు వేస్తూ వినేవాడు. మీసం కింద అతనూ నవ్వుకునేవాడు.

అతను నవ్వుకోడానికి వేరే కారణం ఉంది. తాయారు ఆ వరదలో ఎర్రనీళ్ళు ఒక్క చుక్క కూడా తాగలేదు.

అది అతనికి ఒక్కడికే తెలుసు. వరద మొదటిరోజున చేపలు పొట్ట పైకి పెట్టి తేలి వస్తుంటే చూశాడు. గట్టు మీదివాళ్ళకి చెప్పాడు. వాళ్ళేం చేస్తారు, వాళ్ళకి అవే నీళ్ళు. అవతలి కొత్తపాలెంలో నీళ్ళ ట్యాంకు మాత్రం వరదకి పైన నిలబడి ఉంది. దాని అడుగున పాత నీళ్ళు మిగిలాయి, రోజుకి ఒక బిందెకన్నా తోడితే మట్టి వచ్చేస్తుంది. గేదెకి గడ్డి కోసమని చెప్పి, ఏటికి ఎదురు తెడ్డేసుకుంటూ రోజూ పోయేవాడు. ఆ నీళ్ళు కడుపుతో ఉన్నదానికి ఇద్దామంటే, ఆవిడ ముందే చెప్పేసింది: "నువ్వు తాగిందే నేను తాగుతాను. నీకొకటీ నాకొకటీ అయితే ముట్టను." మొండి. అందుకని బిందెడు మంచినీళ్ళలో రేవు గది మీద ఎవరో వదిలేసిన పూలకుండీలోని ఎర్రమట్టి ఒక గుప్పెడు పడవలోనే కలిపేవాడు. ఎర్రగా అయ్యేది. ఆవిడ కళ్ళెదుటే ఇందుప గింజ అరగదీసి వేసేవాడు. మట్టి అడుక్కి దిగేది. ఆవిడ తాగేది. తనకి ఆవిడ చూడని వేరే కుండ, ఏటిది. వరద తీసేశాక పురిటికి ఆవిణ్ణి ఏటికి దూరంగా ఉన్న పుట్టింట్లో దింపేసి వచ్చాడు. చంటిపిల్లతో ఆవిడ తిరిగొచ్చేసరికి లంకలో బావులు బాగయ్యాయి.

తరవాత చెబుదామనుకున్నాడు. అప్పటికే ఆవిడ తన ఇనుపొంటి కథ మొదలెట్టేసింది. వింటుంటే బాగుంది. వదిలేశాడు.

*

ఆ ఏడు ఆషాఢంలోనే తాయారు చేతిలోంచి గిన్నెలు జారడం మొదలయింది. శ్రావణానికి తుంటి నొప్పి. కార్తీకంలో నిండు బిందె ఎత్తబోతే చిటికెనవేలు పుటుక్కుమంది. ఊరికే, ఎండుపుల్ల విరిగినట్టు.

"ఎర్రజబ్బే" అంది బుల్లెమ్మ. "మా మరిదికీ ఇలానే మొదలయింది. ఎల్లి బల్లెక్కు తాయారూ."

తాయారు తలంటుకుని, కొత్త రవిక తొడుక్కుని, పేరంటానికి పోయినట్టు లాంచీకి పోయింది. ఏడుకొండలు వెనకే పోయి, చెక్క వంతెన దగ్గర ఆగిపోయాడు.

"రా మావా లోపలికి, నా ఎముకలేటో చూద్దువుగాని. ఎప్పుడూ మాంసమే చూశావు."

వరసలో ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ఏడుకొండలు చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి రాక తప్పలేదు.

కడియం రొద చేసింది. అద్దం మీద బొమ్మ లేచింది. డాక్టరమ్మ దగ్గరికి జరిగి చూసింది, దూరం జరిగి చూసింది. కాన్పు చార ఉంది. గట్టు తెగిన వరద ఉంది. కానీ ఎముకంతా చెద పట్టిన చెక్కలా గుల్లగా ఉంది, పొరలు చాలాచోట్ల కరిగిపోయాయి. ఎర్రగీత ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"పిన్నిగారూ, ఎర్ర వరదలో మీరు లంకలోనే ఉన్నారా?"

"ఉన్నానా? రేవు గది మీదున్నానమ్మా! ఈయన్నడుగు."

ఏడుకొండలు తల ఊపాడు. ఉన్న మాటే కదా.

"నీళ్ళు?"

"ఏటి నీళ్ళే. వరద తీసేదాకా అవే."

డాక్టరమ్మ చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకుంది. "గీత కనబడ్డం లేదండీ. రెండే దారులు. మీ ఎముక అరిగిపోవడంలో గీత కూడా అరిగిపోయి ఉండాలి. అలా అయితే ఇది ఎర్రజబ్బే, ఇంజెక్షను ఇవ్వాలి, ఆలస్యం చెయ్యకూడదు. లేదా గీత అసలు పడనేలేదు. అప్పుడు ఎముకని తినేది మరేదో ఉంది. దాన్ని వెతకాలి. ఒకసారి కాకినాడ రండి, మిగతా పరీక్షలు చేయిద్దాం."

"పడకపోడమేటమ్మా? తాగానంటన్నా కదా!"

"తాగకుండా ఇంజెక్షను చేస్తే మీకున్న కాస్త ఎముకా పోతుందండీ. మంచం పడతారు. అందుకే నా భయం."

తాయారు బల్ల మీదినుంచి లేచి కూచుంది. అప్పటికే వరసలో గుసగుస మొదలయింది. పల్చటి చెక్క గోడ. అన్నీ వినపడతాయి.

"తాయారుకీ గీత లేదంట!"

"అయితే ఈవిడా తునేనా?"

"కాశీ గారికి తోడు దొరికింది."

ఆవిడ మొహంలో రక్తం లేదు. నలుగురిలో నోరు మూతబడ్డం ఏడుకొండలు చూడ్డం అదే మొదటిసారి. ఆవిడ బల్ల దిగి నిలబడింది. "డాక్టరమ్మా, ఇంజెక్షను చెయ్యి. రేపే చెయ్యి. అందరూ చూత్తుండగా చెయ్యి. కాకినాడా లేదు, గీకినాడా లేదు. తాగినదాన్ని నేను."

"కాకినాడలో మా పెద్దవాళ్ళని అడిగి చెబుతానండీ. రేపు పొద్దెక్కాక రండి."

*

ఆ సాయంత్రం తాయారు ఎండురొయ్యలు వంకాయ వండింది. మాట లేకుండా వండింది. ఉప్పు రెండుసార్లు వేసింది. ఏడుకొండలు తిన్నాడు.

"ఉప్పెక్కువయిందని చెప్పడానికైనా నోరు రాదేటి నీకు?"

"బాగుంది."

"బాగుందంట! బుల్లెమ్మ ఏమందో విన్నావా? బుల్లెమ్మ! నా పెళ్ళికి ముంజేతులదాకా గోరింటాకు పెట్టినది. 'నిజం చెప్పవే, ఆ ఏడు పుట్టింటికి ముందే ఎల్లిపోయావు కదా' అంటంది. నేను అబద్ధాలకోరునంట మావా."

అతను కంచం వైపు చూశాడు.

"ఇంజెక్షను చేయించుకుని రేవులో నిలబడతాను. అప్పుడు ఎవరి నోరు లేత్తాదో చూత్తాను."

"తాయారూ."

"ఏటి?"

ముప్పయ్యేళ్ళ మాట అది, బయటికి రావడానికి దారి మర్చిపోయింది. కోప్పడుతుందని కాదు అతని భయం. ఆవిడ కోపం అతనికి ఎండా వానా లాంటిది, వస్తుంది పోతుంది. ఒళ్ళు ఇనుమని చెప్పేటప్పుడు ఆవిడ రొమ్ము విరుచుకుని నిలబడేది చూడు, అది పోతుంది. దాన్ని తన చేత్తో ఎలా తీసేస్తాడు?

"ఏం లేదు. గేదెకి గడ్డెయ్యాల."

గడ్డి వేశాడు. గేదె తింటుంటే దాని పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఎడమకాలు మొద్దుబారింది. ఈ మధ్య తరచూ బారుతోంది. దాన్ని గుంజకేసి రాపాడించి లోపలికి పోయి పడుకున్నాడు.

*

మర్నాడు తాయారు ఇంకా వంటింట్లో ఉండగానే అతను లాంచీకి పోయాడు. సలీం వంతెన కడుగుతున్నాడు.

"అరే బాబాయ్! మీ కోసం వల వెయ్యాలేమో అనుకుంటున్నాను. మీరే వచ్చారా?"

ఏడుకొండలు చొక్కా విప్పి, మడతపెట్టి, బల్ల మీద పడుకున్నాడు. డాక్టరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చింది. కడియం రొద చేసింది.

ఎర్రగీత లేచింది. లంకలో ఇంతవరకూ ఎవరికీ అంత లావు గీత లేదు. సలీం చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"బాబాయిగారూ, కాళ్ళ నొప్పులున్నాయా?"

"ఉన్నాయి."

"ఎప్పట్నించి?"

"చాన్నాళ్ళయింది."

"ఎవరికైనా చెప్పారా?"

అతను పైకి చూస్తూ పడుకున్నాడు. డాక్టరమ్మకి కోపం వచ్చింది. "లాంచీ మీ పడవ పక్కనే ఉందండీ! ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? మందు మీకు పనిచేస్తుంది, కానీ ఆ ఎడమకాలు మళ్ళీ పూర్తిగా బాగుపడదు. నొప్పి మొదలైనప్పుడే కాకినాడ వచ్చుంటే..."

"ఆవిడ తాగలేదమ్మా."

"ఎవరు?"

"మా ఆవిడ. ఎర్రనీళ్ళు."

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుని కూచుంది. మంచి డాక్టరు ఆవిడ. ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు.

"ట్యాంకు నీళ్ళు తెచ్చాను. కొత్తపాలెంనించి. కుండీ మట్టి కలిపాను, ఎర్రగా అవుద్దని. గింజ వేశాను. ఏటినీళ్ళే అనుకుంది." ఊపిరి తీసుకున్నాడు. అంతకుముందెప్పుడూ ఒక్క దమ్ములో అన్ని మాటలు అన్నవాడు కాదు. "దానికి గీత అరిగిపోలేదమ్మా. పడలేదు. సూది చెయ్యొద్దు."

"ఒక్క రోజైనా ఏటినీళ్ళు తాగలేదని మీరు ఖాయంగా చెప్పగలరా? పెద్దవాళ్ళు ఇంజెక్షను ఇచ్చెయ్యమన్నారండీ. నేను కాదంటే మీ మాట మీదే కాదనాలి."

"ఒక్క రోజు కూడా లేదు. ఏరు బాగా పోటెత్తిన రోజు వెనక్కి రాలేనేమో అనుకున్నాను. వచ్చాను. బిందె తెచ్చాను."

"మావా."

వంతెన మీద తాయారు నిలబడి ఉంది. కొంగు నడుముకి దోపి, ఇంజెక్షనుకి సిద్ధమై వచ్చింది. ఆవిడ వెనక బుల్లెమ్మ, ఆ వెనక ఇంకో నలుగురు, సూది తమాషా చూడ్డానికి.

ఏడుకొండలు లేచి కూచుని చొక్కా వెతుక్కున్నాడు.

"ఏటన్నావు? మట్టి కలిపావా? నా నీళ్ళలో?"

"ఊఁ."

"గింజ అరగదీశావు నా ఎదురుగా! తేరుకోనియ్యి, తొందరపడకన్నావు! అంతా నాటకమా? ముప్పయ్యేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేసి ఊరంతా తిప్పావా? నేను నోరు పగిలేలా చెప్తంటే, పక్కనే కూచుని, తెడ్డేసుకుంటా..." ఆవిడకి మాట ఆగిపోయింది. అద్దం మీద ఇంకా బొమ్మ ఉంది. ఎర్రగీత. "అదెవరిది?"

సలీం తల దించుకుని చేతిలో చీపురు చూసుకున్నాడు.

"అదెవరిదంటే పలకరేం?"

"బాబాయిగారిదండీ" అంది డాక్టరమ్మ.

తాయారు ఆ గీత వైపు చూసింది. ముప్పయ్యేళ్ళు తను నవ్వుతూ చెప్పిన వాంతులు ఆ గీతలోనే ఉన్నాయి. దగ్గరికి వచ్చి మొగుడి పక్కన బల్ల మీద కూలబడింది. చేత్తో అతని భుజం మీద ఒక్కటి చరిచింది. చెయ్యి నొప్పెట్టి, "అబ్బా" అంది.

"పిల్ల కోసమా?" అంది, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటూ.

"ఊఁ."

"నా కోసం కాదూ?"

"గేదె కోసం" అన్నాడు ఏడుకొండలు.

సలీం ముందు నవ్వాడు. తరవాత బుల్లెమ్మ. తాయారు నవ్విందో ఏడ్చిందో తెలీదు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అంతా బయటికి నడవండి" అంది డాక్టరమ్మ. "బాబాయిగారూ, మీరుండండి. పిన్నిగారూ, మీరు పడుకోండి. గీత పడలేదని తెలిసింది కదా, ఇప్పుడు ఎక్కడ చూడాలో నాకు తెలుసు. ఎముక ఒకచోట కాదు, అన్నిచోట్లా ఒకేలా కరిగింది. అది సాధారణంగా మెడలోనుంచి వస్తుంది."

"ఎముకల జబ్బుకి మెడేటమ్మా?"

"ఎముకలో సున్నం ఎంత ఉండాలో చెప్పే బుడిపెలు మెడలో ఉంటాయండీ. ఒకటి పెరిగిపోతే, లాగెయ్యి లాగెయ్యి అని ఒకటే ఆర్డర్లు వేస్తుంది."

"మా అత్తలాగా" అంది తాయారు.

చేతిలో ఇమిడే చిన్న పరికరాన్ని డాక్టరమ్మ ఆవిడ గొంతు పక్కన ఆనించి మెల్లగా జరిపింది. కుడివైపు ఏమీ లేదు. ఎడమవైపు రెండుసార్లు జరిపింది, మూడోసారి ఆపింది. అద్దం మీద బఠాణీ గింజంత నల్లటి గుండ్రం.

చాలాసేపు దాన్నే చూసి పెద్ద నిట్టూర్పు విడిచింది డాక్టరమ్మ. "ఇదే. చిన్న కోత. తీసేస్తే అయిపోతుంది. ఎముక మళ్ళీ పూడుకుంటుంది. ఇవాళ గనక ఇంజెక్షను చేసుంటే..." ఆ మాట పూర్తిచెయ్యలేదు. పెన్సిలు తీసి చెవి మీద మళ్ళీ పెట్టుకోబోతే అది కింద పడింది.

ఏడుకొండలు వంగి పెన్సిలు తీసి ఇచ్చాడు.

*

ఆ సాయంత్రం వంటలో ఉప్పు సరిపోయింది. డాక్టరమ్మ రేపు పొద్దున్నే ఇద్దర్నీ లాంచీలో కాకినాడ తీసుకుపోతానంది. ఆవిడకి కోత, ఇతనికి మొదటి ఇంజెక్షను. గేదెని బుల్లెమ్మ చూస్తానంది. పుట్టింటి మాట అన్నందుకు ఆవిడకి సిగ్గుగా ఉంది, పాలు కూడా తనే పితికి తెచ్చి ఇచ్చింది.

కూతురికి ఫోను చేసి తాయారు అంతా చెప్పింది. "మీ నాన్నకి నోరుందే" అని రెండుసార్లు అంది. ఫోను పెట్టేశాక గుమ్మంలో కూచుంది.

"బాగుంది మావా అంతా. కానీ నాకేం మిగిలింది చెప్పు."

అతను చూశాడు.

"ఇనుపొళ్ళు పోయింది. ఎర్రనీళ్ళు తాగి నిలబడ్డానన్నది పోయింది. తాగింది నువ్వు, నిలబడింది నువ్వు. రేపు రేవులో మొహం ఎలా పెట్టుకు నడవను? లాంచీలో అన్నది ఆ నలుగురే విన్నారు. మిగతా లంకకి నేను ఇంకా అబద్ధాలకోరునే. నేను చెప్తే నమ్మరు. 'మాట మార్చింది తాయారు' అంటారు."

"బుల్లెమ్మ చెప్తాది."

"బుల్లెమ్మ చెప్తే చెత్తంతా కలిపి చెప్తాది. నువ్వు చెప్పాలి. నీ నోటితో. ఏడుకొండలు చెప్పాడంటే ఎవడూ కాదనడు. ఎందుకంటే నువ్వు అబద్ధమాడ్డం కాదు, అసలు మాటాడ్డమే ఎవడూ వినలేదు."

అతను బీడీ వెలిగించుకున్నాడు. ఆవిడ కాసేపు చూసి, లోపలికి పోయి, ప్రయాణానికి బట్టలు సర్దుకోసాగింది. చీరలు మడత పెడుతూనే తిడుతోంది. ఆ తిట్టు వింటూ బీడీ ఆరేదాకా గుమ్మంలోనే ఉన్నాడు.

*

పొద్దున్న రేవు నిండా జనం. కొందరు బల్ల కోసం, కొందరు పడవ కోసం, మిగతావాళ్ళు తాయారు లాంచీ ఎక్కడం చూడ్డానికి. కాశీ గారు కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. తాయారు సంచీ చంకన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వంతెన వైపు నడిచింది.

ఏడుకొండలు ఆగాడు. రేవు మెట్ల మీద, అందరికీ కనిపించేచోట. గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడికే సగం మంది తిరిగి చూశారు.

"ఎర్ర వరదలో" అన్నాడు, "మా ఆవిడ రేవు గది మీదే ఉంది."

వంతెన దగ్గర తాయారు వెనక్కి తిరిగింది.

"వరద తీసేదాకా ఉంది. నిండు నెలలు. చుట్టూ నీళ్ళు. నేను పోయినప్పుడల్లా ఒక్కత్తీ కూచునేది. నేను తిరిగొత్తానో రానో తెలీదు. ఏడవలేదు. ఒక్కసారి కూడా ఏడవలేదు. నేను ఏడ్చాను."

"ఎప్పుడు మావా?" అంది తాయారు. సంచీ చంకలోంచి జారింది.

"ఆగు, చెప్పనీ." ఆ మాట అతని నోటివెంట రావడం ఎవరూ ఎరగరు. ముందు వరసలో ఎవరో నవ్వబోతే బుల్లెమ్మ మోచేత్తో పొడిచింది. "పొద్దున్నే పడవ విప్పేవాణ్ణి. ఏరు ఎదురు. లేత కొబ్బరితోట మీంచి పోవాలి. చెట్ల నెత్తులు తెడ్డుకి తగిలేవి. ఒక మట్టకి పాము చుట్టుకుని ఉంది. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను..."

జనం దగ్గరికి జరిగారు. పడవ కోసం వచ్చినవాళ్ళు బుట్టలు దించారు. కాశీ గారు కూడా రెండు మెట్లు దిగి వచ్చాడు.

లాంచీ కూత వేసింది. సలీం చక్రం దగ్గరనుంచి తల బయటికి పెట్టి, "బాబాయ్, టైమయింది!" అని అరిచాడు.

ఏడుకొండలు చెయ్యెత్తాడు. కథ ఇంకా కొబ్బరితోట దాటలేదు.

"ఉండవోయ్" అన్నాడు, మెట్టు మీద కూచుంటూ.